కాడి, కొక్కెం, కింగ్‌పిన్

నారాయణఖేడ్‌కు రైలు రాలేదు. 1930ల మొదట్లో నిజాం రైల్వే వికారాబాద్ నుంచి జహీరాబాద్, బీదర్‌ల మీదుగా పర్లీ దాకా లైను వేసినప్పుడు, జహీరాబాద్ నుంచి బీదర్ దాకా ఆ పట్టాలు మంజీరకు దక్షిణపు గట్టునే సాగిపోయాయి. ఖేడ్ ఉత్తరపు గట్టున ఉండిపోయింది. అప్పుడూ ఇప్పుడూ ఈ ప్రాంతం మనిషి రైలెక్కాలంటే ముందు బస్సెక్కాల్సిందే.

మనిషి సంగతి ఎలాగో గడుస్తుంది. బరువుల సంగతి వేరు. కందులు, పెసలు, జొన్నలు, పత్తి, చెరుకు, ఇంటికి రాయి, గుడిసెకు వాసం, పండక్కి బెల్లం ఏదైనా సరే, ఎద్దు మెడ మీదో ట్రాక్టర్ వెనకో లారీలోనో రావాలి, పోవాలి. అందుకే ఖేడ్ రవాణా చరిత్రను స్టేషన్లలో వెతికితే దొరకదు. లాగేదానికీ లాగబడేదానికీ మధ్య ఉండే లంకెలో దొరుకుతుంది. రెండు బారల మోకు, జానెడు పిన్ను, నల్లటి గ్రీజు పూసిన ఇనుప పళ్లెం. మూడు వందల ఏళ్లలో అది ఇన్ని రూపాలు మార్చింది. ప్రశ్న మాత్రం ఒక్కటే: బరువులో ఎంత భాగం లాగేదాని మీద ఆనాలి?

ముందు ఊరి ఉనికి చెప్పుకోవాలి. మంజీర బీదర్ వైపు నుంచి వచ్చి ఖేడ్‌కు దక్షిణంగా పారుతుంది, సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లుతుంది, మెదక్ దాటి నిజాంసాగర్‌లో చేరుతుంది. ఆ పెద్ద వంపు లోపల ఉంది ఖేడ్. పడమర కర్ణాటక, వాయవ్యాన కొంచెం దూరం పోతే మహారాష్ట్ర. సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. హైదరాబాద్ రాష్ట్రంలో ఇది బీదర్ జిల్లా తాలూకా. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చింది, 2016 అక్టోబర్ నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా నేల మారదు కదా. కొంత ఎర్రటి జేగురు రాతి నేల, కొంత నల్లరేగడి. ఎండాకాలం బండి చక్రాన్ని అరగదీసేది మొదటిది, వానాకాలం ఇరుసు దాకా మింగేది రెండోది.

ఇలాంటి నేల మీద తొలి రవాణాకు లంకె అన్నదే లేదు. ఖేడ్ చుట్టూ ఇవాళ కనబడే లంబాడీ తండాల పూర్వీకులు బండి కట్టలేదు, ఎద్దు వీపు మీదే గోనె వేశారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ధాన్యం, ఉప్పు మోసుకుపోయే బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఒక్కసారిగా నడవడం చూసి విస్తుపోయి రాసుకున్నాడు. ఇరుకు దారిలో అవి ఎదురుపడితే అన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. దక్కన్‌లో తిరిగిన మొగలు సైన్యాలకు తిండి గింజలు అందించింది బంజారాలని కూడా పిలిచే ఈ లంబాడీలే. హైదరాబాద్ సబ్సిడరీ దళంలో పనిచేసిన కెప్టెన్ జాన్ బ్రిగ్స్ 1819లో వీళ్ల చరిత్ర మీద ఒక వ్యాసమే అచ్చు వేయించాడు. గోనె వేసిన ఎద్దుకు దారి అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు, నీరు తగ్గితే వాగులో దిగిపోతుంది. మరి ఇబ్బంది ఎక్కడ? బరువంతా వీపు మీదే. నూటికి నూరు పాళ్లూ లాగేదాని మీదే.

బండి వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది.

పాత రెండు చక్రాల ఎడ్లబండిని వడ్లాయన, కమ్మరి కలిసి చేసేవారు. చక్రానికి తుమ్మ, ఇరుసుకు ఇనుము, చక్రం చుట్టూ ఎర్రగా కాల్చి బిగించిన ఇనుప పట్టా, చక్రం జారిపోకుండా కడశీల. ఇవన్నీ బరువు మోసే భాగాలు. అసలు చాకచక్యం ముందు భాగంలో ఉంది. బండి అడుగు నుంచి వచ్చే రెండు నొగలు ముందుకు పోయేకొద్దీ దగ్గరై ఒక మొనగా కలుస్తాయి. ఆ మొన మీద కాడిని అడ్డంగా పెట్టి మోకుతో బిగిస్తారు. మేకు కొట్టరు, బోల్టు వేయరు. కారణం ఉంది. ఎడమ ఎద్దు గుంటలో కాలు వేస్తే కాడి ఆ పక్కకు వాలాలి, ముందు గట్టు వస్తే మొన పైకి లేవాలి, మలుపు వస్తే కాడి తిరగాలి. మూడు వైపులా కదిలే కీలు కావాలి. ఇనుముతో ఆ పని చేయడానికి అమెరికా ఇంజనీర్లకు ఇరవయ్యో శతాబ్దం దాకా పట్టింది. ఇక్కడ రెండు బారల మోకు ఆ పని చేసేసింది.

బరువు సర్దడం అంతకన్నా సున్నితమైన విద్య. బస్తాలు ముందుకు జరిగితే భారం ఎద్దుల మెడ మీద పడి కాయలు కాస్తాయి, పుళ్లు పడతాయి. వెనక్కి జరిగితే నొగ పైకి లేచి, మెడ కింది పట్టెడ గొంతుకు బిగుసుకుంటుంది. రెండిటి మధ్యా ఒక చోటు ఉంటుంది. తెలిసిన రైతు ఎద్దుల్ని కట్టే ముందు నొగ మొనను రెండు చేతులతో ఎత్తి చూస్తాడు. బొత్తిగా తేలిగ్గా లేస్తే ఒక బస్తా ముందుకు, ఎత్తలేకపోతే రెండు బస్తాలు వెనక్కి. దారిలోనూ సర్దుబాటు ఆగదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు బండివాడు నొగల మీదికి జరుగుతాడు, దిగుతున్నప్పుడు వెనక్కి పోతాడు. తన ఒంటి బరువే అతనికి తూనికరాయి. ఇందులో కొలబద్ద లేదు, పుస్తకం లేదు. కానీ ఇవాళ ట్రెయిలర్ కంపెనీలు కరపత్రాల్లో అచ్చు వేసే సూత్రం అక్షరాలా ఇదే: లంకె మీద కొంత బరువు ఉండాలి, మితిమీరి ఉండకూడదు.

ఎడ్లబండిని పనికిమాలిన పాత సరుకుగా కొట్టిపారేసే రోజుల్లో దాన్ని గట్టిగా పట్టించుకున్నవాడు బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి. దేశంలో కోటికి పైగా ఎడ్లబండ్లు తిరుగుతున్నాయనీ, వాటి మీద పెట్టుబడి రైల్వేల పెట్టుబడితో పోల్చదగ్గదనీ 1970ల్లో ఆయన లెక్కలు వేసి చెప్పాడు. బండి మొరటుగా ఉండటం వల్ల ఎద్దు శక్తిలో చాలా భాగం వృథా అవుతోందనీ, కాడి మెడను కోస్తోందనీ ఆయన వాదన. తేలికైన బండి, మెత్తని కాడి, గాలి టైర్లు కావాలన్నాడు. వీటిలో జనం చేతులు చాచి అందుకున్నది ఒక్క గాలి టైర్లనే. ఇనుప పట్టా పోయి టైరు బండి వచ్చింది. ఎక్కువ బరువు లాగగలిగింది. కాడి మాత్రం అలాగే ఉండిపోయింది. వెనక బరువు పెరిగింది, ముందు మెడ మారలేదు. ఆ సంస్కరణ సగంలోనే ఆగిపోయిందని అనక తప్పదు.

టైరు బండి బరువు పెరగడానికి ఇక్కడ ముఖ్య కారణం చెరుకు.

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని చెప్పుకునేవారు. తర్వాతి కాలంలో జహీరాబాద్ దగ్గర కొత్తూరులో ఆ సంస్థకే ఒక యూనిట్ వచ్చింది, ఆ తర్వాత అది ట్రైడెంట్ చేతికి పోయింది. సంగారెడ్డి దగ్గర ఫసల్‌వాదిలో గణపతి, నిజాంసాగర్ దగ్గర మాగిలో గాయత్రి, సరిహద్దు దాటితే బీదర్ జిల్లా సహకార ఫ్యాక్టరీలు. మంజీర వంపు చుట్టూ గానుగలే. ఖేడ్, కంగ్టి, మనూరు తండాల్లో వానాకాలం పంట అయిపోగానే చెరుకు నరకడానికి వలస మొదలవుతుంది. గంపలు, గిన్నెలు, మేకలు, పిల్లలు అన్నీ బండి మీద వేసుకుని నెలల తరబడి ఫ్యాక్టరీ పొలాల్లోకి పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పోయేటప్పుడు ఇల్లు మోసిన బండే అక్కడ చెరుకు మోస్తుంది. నరికిన చెరుకు ఎండకు ఆరితే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది, రైతుకు డబ్బు తగ్గుతుంది. అందుకే తొందర. ఆ తొందరలో బండి మీద ఇంకో మోపు, ఇంకో మోపు. నొగ ఎత్తి చూసే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఎద్దు చేయలేని పని ట్రాక్టర్ మీద పడింది. మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో ట్రాక్టర్ కంపెనీ పెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో మెదక్ పల్లెల్లోకి ఎర్ర ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టర్ దున్నడానికి పుట్టిన యంత్రం. మన దగ్గర అది దుక్కి కన్నా మోతకే ఎక్కువ తిరుగుతుంది. ఇసుక, ఇటుక, పెళ్లివారు, జాతర జనం, ధాన్యం, చెరుకు. వెనక డబ్బా తగిలిస్తే చాలు.

తగిలించడంలోనే ఉంది తిరకాసు. తొలినాటి ట్రాక్టర్లకు ఒక భయంకరమైన అలవాటు ఉండేది. వెనక నాగలి రాతికి తగిలి ఆగితే, చక్రాలు ఆగక, ముందు భాగం గాలిలోకి లేచి ట్రాక్టర్ డ్రైవర్ మీదే వెల్లకిలా పడేది. ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లతో అలా ఎందరో పోయారు. ఐర్లాండ్‌లో రైతు కుటుంబంలో పుట్టిన హ్యారీ ఫెర్గుసన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. మూడు చోట్ల తగిలించే లంకె, దాన్ని ఎత్తి దించే హైడ్రాలిక్స్. 1926లో పేటెంటు తీసుకున్నాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో చేతులు కలిపాడు. మరుసటి ఏడాది ఆ లంకెతో ఫోర్డ్ ట్రాక్టర్ బయటికి వచ్చింది. దున్నుతున్నప్పుడు నాగలి మీద పడే ఒత్తిడే ట్రాక్టర్ ముక్కును కిందికి అదిమి పెట్టేలా ఆ అమరిక ఉంటుంది. ఇవాళ ఖేడ్ పొలాల్లో తిరిగే ప్రతి ట్రాక్టర్ వెనకా ఉన్నది ఫెర్గుసన్ మూడు చేతులే.

డబ్బాకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. దాన్ని డ్రాబార్‌కో కింది కొక్కానికో తగిలిస్తారు. కొక్కెం రెండు దవడల మధ్య డబ్బా కన్ను దూర్చి, పై నుంచి పిన్ను దించి, కింద క్లిప్పు పెడతారు. పెట్టాలి. పెట్టే పిన్ను అరిగినదైతే, క్లిప్పు స్థానంలో తీగ చుట్టితే, కన్ను రంధ్రం సాగి గుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ ధడేలుమని ఒక దెబ్బ వినబడుతుంది. డ్రైవర్‌కు ఆ చప్పుడు అలవాటైపోతుంది. అలవాటు కావడమే ప్రమాదం.

రెండు చక్రాల డబ్బా ఎడ్లబండికి తోబుట్టువే. దాని బరువులో కొంత ట్రాక్టర్ వెనక భాగం మీద ఆనుతుంది, వెనక చక్రాలకు పట్టు వస్తుంది. మితిమీరితే ముక్కు లేస్తుంది. చెరుకు డబ్బాతో ఎత్తు ఎక్కే ట్రాక్టర్‌ను గమనిస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ముందు చక్రాలు నేల మీద జానెడు ఎత్తున తేలుతుంటాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. అప్పుడు డ్రైవర్ కుడి ఎడమ బ్రేకులను విడివిడిగా తొక్కుతూ వెనక చక్రాలతోనే దారి మళ్లిస్తాడు. ఆ నేర్పును మెచ్చుకోవాలనే అనిపిస్తుంది. కానీ అది పొలంలో గట్టు మలుపు తిరగడానికి ఇచ్చిన ఏర్పాటు. వెనక పది టన్నులు పెట్టుకుని రోడ్డు మీద చేయాల్సిన విన్యాసం కాదు.

నాలుగు చక్రాల డబ్బాది ఇంకో తీరు. తన బరువు తానే మోసుకుంటుంది, ట్రాక్టర్ మీద ఏమీ ఆనదు. అందుకే ఒక ట్రాక్టర్‌కు రెండు డబ్బాలు గొలుసుకట్టుగా తగిలించే పద్ధతి కర్ణాటక, మహారాష్ట్ర చెరుకు దారుల్లో పుట్టింది. ఈ డబ్బా కిందికి వంగి ముందు ఇరుసు వైపు చూస్తే ఒక గుండ్రటి ఇనుప చట్రం కనబడుతుంది. పైది డబ్బాకు, కిందిది ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇరుసు దాని మీద తిరుగుతుంది. మెకానిక్కులు టర్న్‌టేబుల్ అంటారు. ఇంగ్లండ్, అమెరికాల్లో గుర్రపు బండ్లకు ముందు ఇరుసు మీద ఉండిన ఇలాంటి చట్రానికే ఒకప్పుడు ఫిఫ్త్ వీల్, అంటే ఐదో చక్రం, అని పేరు. నాలుగు చక్రాలు నేల మీద, అయిదోది వాటి పైన పడుకుని. నారాయణఖేడ్‌లో ఐదో చక్రం ఎక్కడుందని అడిగేవారికి జవాబు ఇది. చెరుకు డబ్బా కింద, మట్టి కొట్టుకుని, ఎప్పటి నుంచో ఉంది.

గుర్రపు బండి చట్రం లారీ మీదికి ఎక్కిన కథ మొదలైంది తేలిక బండ్లతోనే. క్లీవ్‌లాండ్‌లో కార్లు తయారుచేసే అలెగ్జాండర్ వింటన్‌కు పందొమ్మిదో శతాబ్దం చివర ఒక చిక్కు వచ్చింది. అమ్మిన కారును నడుపుకుంటూ పోయి అప్పగిస్తే కొనేవాడి చేతికి అందేసరికే పాతబడుతుంది. ఒక కారు వెనక చిన్న వేదిక లాంటి బండి తగిలించి, దాని ముందు కొసను కారు మీదే ఆనించి, కొత్త కారును దాని మీద ఎక్కించి పంపాడు. 1914లో డెట్రాయిట్‌లో సిబ్లీ అనే కలప వ్యాపారి తన పడవను విడిది ఇంటికి చేర్చాలని ఆగస్ట్ ఫ్రూహాఫ్ దగ్గరికి వెళ్లాడు. ఫ్రూహాఫ్ వృత్తి ఏమిటో తెలుసా? కమ్మరి. గుర్రాలకు లాడాలు కొట్టి, బండ్లు చేసేవాడు. ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక భాగం తీయించి, పడవ బండిని దానికి తగిలించాడు. పని బాగా కుదిరింది. సిబ్లీ కలప మోతకూ అలాంటివే చేయించుకున్నాడు. 1918 నాటికి ఆ కమ్మరి కొలిమి ట్రెయిలర్ కంపెనీ అయింది.

అదే రోజుల్లో చార్లెస్ మార్టిన్ ముందుకూ వెనక్కూ ఊగే ఐదో చక్రం తయారుచేశాడు. గట్టు ఎక్కినా గుంటలో దిగినా లంకె విరగకుండా ఊగే పళ్లెం. మన కాడి మోకు చేసే పనే. విమానయాన మార్గదర్శి గ్లెన్ కర్టిస్ ఇంకో వింత చేశాడు. 1920ల చివర తన ఏరోకార్ అనే విహార బండికి, లాగే కారు వెనక భాగంలో ఒక గాలి టైరును అడ్డంగా పడుకోబెట్టి, ట్రెయిలర్ మొనను దాని నడుమ గుచ్చాడు. కుదుపంతా టైరే మింగేది. పేరుకు తగ్గట్టు అది నిజంగానే ఐదో చక్రం.

ఇవాళ్టి లారీల మీద కనబడేది గుర్రపు లాడం ఆకారంలో వెనక వైపు తెరుచుకున్న దళసరి ఇనుప పళ్లెం. ట్రెయిలర్ కింద నుంచి దిగే ఉక్కు మేకు పేరు కింగ్‌పిన్. రెండే సైజులు చాలామటుకు: 2 అంగుళాలది, 3.5 అంగుళాలది. లారీ వెనక్కి వస్తుంటే కింగ్‌పిన్ ఆ లాడం నోట్లోకి జారుతుంది, లోపలి దవడలు మూసుకుంటాయి. పళ్లెం నిండా గ్రీజు. లాగే బండిని మన లారీవాళ్లు ఇప్పటికీ హార్స్ అనే అంటారు, గుర్రం పోయి నూరేళ్లయినా.

ఈ కథకు ఖేడ్ పొరుగునే ఒక మలుపు ఉంది. 1980ల నడుమ జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేసే సంస్థలు దేశంలో నాలుగు వచ్చాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. నాలుగోది జహీరాబాద్‌లో వెలిసింది. నిజాం కాలంలో 1942లో పుట్టి, హైదరాబాద్ బస్సులకు బాడీలు కట్టి, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు చేసిన హైదరాబాద్ ఆల్విన్‌కు అది కొత్త కొమ్మ. అక్కడ తయారైన క్యాబ్‌స్టార్ తేలిక లారీలు ఎక్కువ కాలం నిలదొక్కుకోలేదు. 1980ల చివర ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. ఆ ఆవరణలోనే తర్వాత మూడు చక్రాల ఆల్ఫాలు, చిన్న లోడు బండ్లు తయారయ్యాయి. 2013లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కూడా మొదలైంది. ఏడాదికి లక్ష ట్రాక్టర్ల సామర్థ్యంతో కట్టారు. అంటే ఖేడ్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చెరుకు లాగే ట్రాక్టరూ పుడుతోంది, సంతకు పోయే చిన్న బండీ పుడుతోంది. పుట్టినవన్నీ ట్రెయిలర్ లారీ ఎక్కి, ఐదో చక్రం మీద ఆని, ముంబై రోడ్డున వెళ్లిపోతున్నాయి.

2005లో టాటా ఏస్ అనే చిన్న లోడు బండి వచ్చాక సంతల ముఖమే మారింది. ఛోటా హాథీ అని ముద్దుపేరు. దాని వెనకే బొలెరో పికప్‌లు. కూరగాయలు, మేకలు, డెకరేషన్ సామాను ఇప్పుడు వాటి మీదే. ఖేడ్ మీదుగా బీదర్‌కు పోయే దారి జాతీయ రహదారి అయింది, నిజాంపేట దగ్గర అది నాందేడ్ రహదారిలో కలుస్తుంది. దారి బాగుపడేకొద్దీ ఆశ పెరుగుతుంది. పికప్ వెనక ఇంకో బండి తగిలిస్తే? అమెరికాలో పికప్ తొట్టిలోనే ఐదో చక్రం బిగించి ఇళ్లంతటి విహార బండ్లను లాగుతున్నారు కదా? వీడియోలు చూసిన కుర్రాళ్లకు వచ్చే సందేహమే ఇది. సందేహం సబబైనదే. జవాబు అంకెల్లో ఉంది.

పికప్ బంపర్‌కు బంతి కొక్కెంతో తగిలించే ట్రెయిలర్, తన బరువులో 10 నుంచి 15 శాతం లాగే బండి మీద మోపుతుంది. ఐదో చక్రం మీద ఆనే ట్రెయిలర్ దాదాపు 20 శాతం మోపుతుంది. ఆ బరువు వెనక ఇరుసుకు పైన, కొద్దిగా ముందుకు పడాలి. అలా పడితేనే ముందు చక్రాలకూ వాటా అందుతుంది, బండి ఊగిసలాడకుండా నిలబడుతుంది. ఐదో చక్రం గొప్పంతా అందులోనే ఉంది, దాని ఖరీదూ అందులోనే ఉంది.

ఒక పికప్ మోయగలిగే బరువు 800 కిలోలు అనుకుందాం. డ్రైవరు, ఇంకో ఇద్దరు కలిపి 200. తొట్టిలో బిగించే లంకె (హిచ్) ఇనుమే 60. మిగిలింది 540. ఇదే కింగ్‌పిన్ మీద పడగలిగే గరిష్ఠ భారం. అది ట్రెయిలర్ మొత్తంలో అయిదో వంతు కాబట్టి, సరుకుతో సహా ట్రెయిలర్ 2,700 కిలోలు దాటకూడదు. ఖాళీ ట్రెయిలరే టన్నుకు పైన తూగుతుంది. ఇంజను ఎంత లాగుతుందో ప్రకటనల్లో చూసి 5 టన్నుల ట్రెయిలర్ తగిలిస్తే, కింగ్‌పిన్ మీద టన్ను పడుతుంది. కమానుపట్టీలు వాలి ముక్కు లేస్తుంది. అచ్చంగా చెరుకు ట్రాక్టర్ సంగతే. తొట్టి పొట్టిదైతే ఇంకో గండం: మలుపులో ట్రెయిలర్ మూల వచ్చి క్యాబిన్ అద్దానికి గుద్దుకుంటుంది. దానికోసమే వెనక్కి జరిగే హిచ్‌లు చేస్తారు. అవి ఇంకా బరువు, మోతలో ఇంకా కోత.

చట్టం కూడా ఈ తేడాను పట్టుకుంది. 1988 మోటారు వాహనాల చట్టం ట్రెయిలర్‌కూ సెమీ ట్రెయిలర్‌కూ వేరువేరు నిర్వచనాలు ఇచ్చింది. తనలో కొంత భాగం లాగే వాహనం మీద ఎక్కి, బరువులో కొంత దాని మీద ఆనితే అది సెమీ ట్రెయిలర్. ఆ లెక్కన చూస్తే ఎడ్లబండీ సెమీ ట్రెయిలరే. ఎద్దుకు ఇంజను లేదు కనుక చట్టం దాని జోలికి పోలేదు. ఇంజను ఉన్నదాని వెనక తగిలించేది ఏదైనా దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. వెల్డింగ్ షాపులో చేయించి తగిలించుకుపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా చేతులెత్తేస్తుంది.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లు విత్తనాలు మోస్తూ నెల రోజుల పాటు ఊరూరూ తిరుగుతాయి. బండి తేలిక, సరుకు తేలిక, ఎద్దుల మెడకు హాయి. మోయగలిగినంతే వేసుకునే బండ్లు ఈ చుట్టుపక్కల ఇవేనేమో అనిపిస్తుంది చూస్తే.

తీర్పు చెప్పాలంటే, మన రోడ్ల మీద తిరిగే తేలిక పికప్‌లకు ఐదో చక్రం తగదు. వాటి చట్రం, బ్రేకులు, కమానులు తమ తొట్టిలోని సరుకు కోసమే తయారయ్యాయి. తప్పనిసరై తగిలించాలంటే కంపెనీ అనుమతి రాతలో ఉండాలి, ట్రెయిలర్‌కు సొంత నంబరు, సొంత బ్రేకు ఉండాలి, బంతి కొక్కెంతో లాగే చిన్నదై ఉండాలి, లంకెతో పాటు రక్షణ గొలుసు తగిలించి ఉండాలి. అంతకు మించిన సరుకుంటే రెండు ట్రిప్పులు వేయడమే చవక.